జెండా సరే... జోలె ఏదీ?

ఒకాయన సైకిలు తొక్కుతాడు. ఇంకొకాయన డబ్బులిస్తాడు. ఆ డబ్బు మూడో మనిషికి చేరుతుంది. ఈ ముగ్గురికీ ఏమిటి సంబంధం? ఇవ్వదలుచుకున్నాయన తిన్నగా ఆస్పత్రికో అనాథాశ్రమానికో ఇచ్చేయొచ్చుగా, మధ్యలో ఒకడు చెమటలు కక్కడం ఎందుకు? 'చారిటీ రైడ్' అనే మాట మొదటిసారి విన్న ఏ పెద్దమనిషైనా ఇదే అడుగుతాడు. గుంటూరు పక్కన నల్లపాడులాంటి చోట చెబితే, దాని వెనకే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. 'ఇంతకీ ఏ పార్టీది బాబూ?'

ఆయన తప్పేం లేదు. 1980ల నుంచీ ఆ ప్రాంతంలో సైకిలంటే వాహనం కన్నా ముందు గుర్తే గుర్తుకొస్తుంది. వందమంది ఒక్కచోట సైకిళ్లేసుకుని నిలబడితే అభ్యర్థి ఎక్కడని వెతుక్కోవడం అలవాటైపోయింది. నిర్వాహకులు తెలియక పసుపు చొక్కాలు కుట్టించారంటే ఇక ఎన్ని మైకులు పెట్టి చెప్పినా నమ్మేవాళ్లుండరు.

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. ఏ పార్టీదీ కాదు. మొదటిదాని దగ్గరే కాస్త ఆగాలి.

సైకిలు తొక్కి జనం జేబులోంచి డబ్బు తీయించడం మన ఊళ్లకు కొత్త విద్యేం కాదు. యాభై దాటినవాళ్లను కదిపితే చెబుతారు. ఊరి నడుమ ఖాళీ జాగాలో ముగ్గుతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో గుంజ పాతి, దానికి మైకు కట్టేవారు. ఒక కుర్రాడు సైకిలెక్కేవాడు. మూడు రోజులో వారమో కాలు కింద పెట్టడు. అన్నం సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, గడ్డం గీసుకోవడమూ దాని మీదే. రాత్రయితే సినిమా పాటల రికార్డులు, పెట్రోమాక్స్ లైట్లు, ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునే విన్యాసాలు. పొలాల నుంచి వచ్చినవాళ్లు అన్నాలు తిని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి కూర్చునేవారు. రూపాయి నోటో, రెండు రూపాయల నోటో పిన్నీసుతో అతని చొక్కాకు గుచ్చేవారు. ఎవరు గుచ్చారో మైకులో పేరు చదివేవారు. ఆ పేరు విని పక్కవాడు ఇంకో రూపాయి కలిపి గుచ్చేవాడు! ఆఖరి రోజున ఊరిపెద్దలు దండేసి దించేసరికి చొక్కా కనిపించకుండా నోట్లు.

అది దానధర్మం కాదు. అతని పొట్టకూటి కోసం. అయినా కిటుకు అక్కడే ఉంది. ఊరికే అడిగితే జేబులోకి వెళ్లని చెయ్యి, కళ్లెదురుగా ఒక మనిషి కష్టపడుతుంటే వెళుతుంది. ఆ కష్టం వల్ల ఎవరికీ లాభం లేకపోయినా సరే. గీత చుట్టూ తిరిగితే గింజలు పండవు కదా! 'అంత పట్టుదలగా చేస్తున్నాడంటే ఏదో ఉంది' అనిపిస్తుంది, అంతే.

అదే కిటుకును తన పొట్ట కోసం కాకుండా ఇంకొకరి కోసం వాడితే అది చారిటీ రైడ్. ఇంగ్లండులో 1976లో లండన్ నుంచి బ్రైటన్ సముద్ర తీరం దాకా కొందరు సైకిళ్ల మీద బయల్దేరారు. 1980 నుంచి ఆ యాత్ర బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ కోసం సాగుతోంది. గుండెజబ్బుల మీద పరిశోధనలకు డబ్బు సమకూర్చే సంస్థ అది. దూరం 54 మైళ్లు, అంటే 87 కిలోమీటర్లు. నల్లపాడు నుంచి సూర్యలంక సముద్రానికి వెళ్లి, సగం దూరం వెనక్కి వచ్చినట్టు. బ్రైటన్ కాసేపట్లో వస్తుందనగా డిచ్లింగ్ బీకన్ అనే గుట్ట అడ్డం వస్తుంది. చాలామంది అక్కడ దిగి సైకిలు నెట్టుకుంటూ పోతారు. దిగినందుకు ఎవరూ నవ్వరు, ఎందుకంటే అది పందెం కాదు. మొదట వచ్చినవాడికి కప్పు లేదు, చివర వచ్చినవాడికి చిన్నతనం లేదు.

అదే 1980లో అమెరికాలో బిల్లీ స్టార్ అనే యువకుడు మరో 35 మందిని పోగేశాడు. వాళ్లమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఆమె జ్ఞాపకంగా మసాచుసెట్స్ రాష్ట్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కుకుంటూ వెళ్లారు. బోస్టన్‌లోని డేనా ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు ఆ ఏడాది ఇచ్చింది 10,200 డాలర్లు. దాని పేరు పాన్ మాస్ ఛాలెంజ్. 2024లో ఒక్క ఏడాదే ఏడున్నర కోట్ల డాలర్లు ఇచ్చారు. మొదటినుంచీ కలుపుకుంటే మొత్తం వందకోట్ల డాలర్లు దాటింది. సైకిళ్ల మీద!

ఇంత డబ్బు ఎలా వస్తుందన్నది చూస్తే మన ఊరి సైకిలు కుర్రాడి చొక్కా, పిన్నీసే మళ్లీ కనిపిస్తాయి. ఇందులో చేరే ప్రతివాడూ ముందుగానే ఒప్పుకోవాలి, ఇంత మొత్తం తెస్తానని. ఇంట్లోవాళ్లను, ఆఫీసులో వాళ్లను, మంగలిషాపు ఆయన్ని, చిన్నప్పటి స్నేహితుల్ని అడిగి తేవాలి. తేలేకపోయాడా... తరుగు పడ్డ సొమ్ము అతని సొంత కార్డు నుంచే తీసుకుంటారు. కాబట్టి ఎవరూ మొహమాటపడుతూ కూర్చోరు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రైడర్లు తెచ్చిన ప్రతి డాలరూ పూర్తిగా ఆస్పత్రికే పోతుంది. భోజనాలు, టీషర్టులు, గుడారాలు, అంబులెన్సులు, నిర్వాహకుల జీతాలు... వీటన్నింటికీ రైడర్లు కట్టే ప్రవేశ రుసుము, కంపెనీల స్పాన్సర్‌షిప్పులు వేరే. రెండు సంచులూ కలవవు.

అంటే సైకిలు తొక్కడం ఇందులో తేలికైన పని. కష్టమైనది ఆ ముందు నెలల్లో జరుగుతుంది. ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపని మనిషి చాపాలి. అదీ తన కోసం కాదు.

* * *

మన దగ్గర సైకిలు ర్యాలీలకు కొదవ లేదు. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించింది. ఆరోజు ఏ జిల్లా కేంద్రంలో చూసినా సైకిళ్లే. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ 'సండేస్ ఆన్ సైకిల్' మొదలుపెట్టింది. ఇవి కాక ఎయిడ్స్ దినం, మధుమేహ దినం, రక్తదాన దినం, రోడ్డు భద్రతా వారోత్సవాలు... క్యాలెండర్లో ఎన్ని దినాలుంటే అన్ని ర్యాలీలు.

వాటి తీరు అందరికీ తెలిసిందే. ఆరున్నరకన్న ముఖ్య అతిథి ఎనిమిదికి వస్తారు. ఎన్‌సీసీ పిల్లలు, నర్సింగ్ విద్యార్థినులు అప్పటికి రెండు గంటలుగా నిలబడి ఉంటారు. అందరికీ ఒకే సైజు టీషర్టు, చిన్నవాళ్లకు మోకాళ్ల దాకా వస్తుంది. ఫ్లెక్సీ మీద పాతికమంది ఫొటోలు. అతిథి జెండా ఊపుతారు. తానూ సైకిలెక్కి పది గజాలు తొక్కుతారు. కెమెరాలు అయిపోగానే కారెక్కుతారు. పిల్లలు నాలుగు కిలోమీటర్లు తొక్కి, పొట్లంలో ఉప్మా తిని ఇళ్లకు పోతారు. మర్నాడు జిల్లా ఎడిషన్లో వార్త. 'అవగాహన కల్పించారు.'

అవగాహన మంచిదే. కాదనేవాళ్లు లేరు. కానీ ఆ ఉదయం మొత్తం ఖర్చెంత, దానివల్ల ఒక్క రోగికైనా అందిందెంత అని లెక్క వేస్తే... చాలా ర్యాలీల్లో ఆ రెండో అంకె సున్నా. ఎందుకంటే ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. పరాయి దేశం నుంచి సైకిలు తెచ్చుకున్నాం, టీషర్టు తెచ్చుకున్నాం, మెడలో పతకం కూడా తెచ్చుకున్నాం. అడగడం మాత్రం అక్కడే వదిలేశాం.

ఇందులో వింతేమిటంటే, అడగడం మనకు చేతకాని విద్యేం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. కృష్ణా జిల్లాతో పాటు గుంటూరు జిల్లా తీరమూ అల్లాడిపోయింది. అప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టుకుని వీధుల్లో తిరిగారు. ఆ ఇద్దరూ తమ ఇంట్లో కూర్చుని ఒక చెక్కు రాసి పంపితే పేపర్లో ఒక మూల వార్త వచ్చేది. ఎర్రటి ఎండలో వీధిలోకి వచ్చి గుడ్డ పట్టుకుని నిలబడేసరికి, ఆడవాళ్లు చేతి గాజులు తీసి వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకుముందు 1952లో రాయలసీమ కరువుకూ రామారావు అలాగే జోలె పట్టారు. తెరమీద కృష్ణుడు మన గుమ్మం ముందు చెయ్యి చాపడమే అక్కడ జరిగిన అద్భుతం. సైకిలు లేదు కానీ, చారిటీ రైడ్‌కు కావలసిన ప్రాణమంతా అందులో ఉంది.

అంత దూరం ఎందుకు, కోటప్పకొండ తిరునాళ్లనే చూడండి. శివరాత్రికి పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల నుంచి కట్టుకొచ్చే విద్యుత్ ప్రభలు ఎనభై, తొంభై అడుగుల దాకా ఉంటాయి. ఒక్కో ప్రభకు లక్షల్లో ఖర్చు. అదంతా ఎక్కడిది? చందా. నెల ముందు నుంచే కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళతారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు ఫోన్లు చేస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లనూ వదలరు. 'పోయినేడు వెయ్యిన్నూటపదహార్లు ఇచ్చావు బాబాయ్, ఈసారి తగ్గిస్తే ఎట్లా?' అని గుమ్మంలో కూర్చుంటారు. తిరునాళ్లయ్యాక లెక్క చెప్పాల్సిందే. పైసా తేడా వచ్చిందా, రచ్చబండ దగ్గర ఏడాదంతా అదే చర్చ! అడగడం, కష్టపడి లాగడం, లెక్క చెప్పడం... మూడూ అక్కడ ఉన్నాయి. దేవుడి ప్రభకైతే ఇంత చక్కగా వచ్చిన విద్య, మనిషి ఆపదకు వచ్చేసరికి ఎందుకో మొహమాటంగా మారిపోతుంది.

లెక్క సంగతి వచ్చింది కాబట్టి అమెరికాలోనే జరిగిన ఇంకో కథ. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఏడు రోజుల ఎయిడ్స్ రైడ్ మొదలైంది. దాన్ని నడిపింది డాన్ పలోటా అనే ఆయన కంపెనీ. డబ్బు బ్రహ్మాండంగా వచ్చేది. ఖర్చూ అలాగే అయ్యేది. రోగులకోసమని ఇచ్చిన దాంట్లో ప్రకటనలకూ గుడారాలకూ ఎంత పోతోందని విమర్శలొచ్చాయి. 2002లో కంపెనీ మూతపడింది. ఖర్చు పెడితేనే కదా ఇంకా ఎక్కువ వచ్చేది అని ఆయన వాదన. అందులోనూ కొంత నిజముంది. కానీ వంద రూపాయలిచ్చినవాడికి, ఆ వందా మంచం మీదున్న మనిషికి చేరిందనే తృప్తి కావాలి. ఆ తర్వాత ఎయిడ్స్ సేవాసంస్థలే సొంతంగా అదే దారిలో రైడ్ నడుపుకున్నాయి. ఖర్చులు పెరిగి, వచ్చేవాళ్లు తగ్గాక... 2025 జూన్‌లో ఆఖరి యాత్ర చేసి ముగించేశాయి. దూరం 545 మైళ్లు. రోగులకు మిగిలేది తగ్గిపోతోందని తెలిశాక ఆపడం కూడా ఒక మర్యాదే.

* * *

మనవాళ్లలో ఈ పని చేసి చూపించినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాలితో సైకిలెక్కాడు. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు వెండి పతకాలు తెచ్చాడు. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా తొక్కాడు. ఆ తర్వాత తనలాంటివాళ్ల కోసం ఒక ఫౌండేషన్ పెట్టాడు.

నడవడానికి జైపూర్ కాలు చాలు, దాన్ని ఉచితంగా అమర్చే సంస్థలున్నాయి. కానీ ఆటల్లో పోటీ పడాలంటే అది చాలదు. వేగంగా తొక్కడానికి తగ్గట్టు తేలికైన కాలు కావాలి, దానికి తగ్గ సైకిలు కావాలి, శిక్షణ కావాలి. ఒక్కొక్కటీ లక్షల్లో మాట. ఈ డబ్బు కోసం ఆ ఫౌండేషన్ ఎంచుకున్న దారి సైకిలు యాత్రే. 'ఇన్ఫినిటీ రైడ్' అని పేరు. కాలు లేనివాళ్లు, చెయ్యి లేనివాళ్లు, మామూలువాళ్లు కలిసి తొక్కుతారు. 2020 నవంబరులో సరిహద్దు భద్రతా దళంతో కలిసి సుమారు 30 మంది కశ్మీరులో బయల్దేరారు. ఆ ఏడాది చివరికి కన్యాకుమారి చేరారు. దాదాపు 3,800 కిలోమీటర్లు. కరోనా మూలంగా జనం ఇళ్లు దాటడానికే భయపడుతున్న రోజులవి.

దాని ఫలితం ఎక్కడ తేలిందో చూడాలంటే నల్లపాడు స్టేషన్ కు వెళ్లాలి. అక్కడ విడిపోయే రైలుమార్గాల్లో ఒకటి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు మీదుగా నంద్యాల వెళుతుంది. ఆ నంద్యాల కుర్రాడు షేక్ అర్షద్. చిన్నతనంలోనే కాలు పోయింది. ఈ ఫౌండేషన్లో శిక్షణ పొందాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారతదేశం తరఫున సైక్లింగ్‌లో దిగాడు. అతనితోపాటు మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా. పారాలింపిక్స్ సైక్లింగ్‌లో మనదేశం నుంచి పోటీపడ్డవాళ్లు ఆ ఇద్దరే మొదలు. పతకాలు రాలేదు. కాలు లేని పిల్లవాడు నంద్యాల నుంచి పారిస్ ట్రాకు మీదికి చేరడంలో, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన డబ్బు కూడా ఉంది. ఇచ్చినవాళ్లలో చాలామందికి అతని పేరు అప్పటికి తెలిసి ఉండదు.

ఇప్పుడు నల్లపాడులో అలాంటిదే, చిన్నది, ఒకటి పెట్టారనుకుందాం. ఒక ఆదివారం పొద్దున. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో కలిసినా, ఆ ఊరు ఇంకా సగం పల్లే. లయోలా పబ్లిక్ స్కూలు ఉంది. ఎంబీటీఎస్ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. మైదానాలకు లోటు లేదు, పిల్లలకూ లోటు లేదు. నరసరావుపేట రోడ్డు పట్టుకుని పేరేచర్ల మీదుగా ఫిరంగిపురం దాకా వెళ్లి, బాలయేసు గుడి దగ్గర కాసేపు ఆగి తిరిగొస్తే పోనూరానూ నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రోజూ తొక్కనివాడు కూడా మూడు గంటల్లో పూర్తి చేయొచ్చు. మరీ ఉత్సాహవంతులుంటే కొండవీడు దాకా పోవచ్చు. అక్కడి ఎక్కుడు డిచ్లింగ్ బీకన్‌కు ఏమాత్రం తీసిపోదు.

నెల మాత్రం చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వద్దు. గుంటూరు మిర్చి యార్డు సీజను అది. రోజుకు లక్ష టిక్కీలు వచ్చే రోజులుంటాయి. ఆదివారం యార్డుకు సెలవే అయినా, సోమవారం బేరాలకు సరుకుతో వచ్చే లారీలు ఆగవు. కోల్డ్ స్టోరేజీల ముందు బారులు తీరి ఉంటాయి. టార్పాలిన్ కిందనుంచి వచ్చే ఆ ఘాటు స్థానికులకు అలవాటేమో గానీ, రొప్పుతూ సైకిలు తొక్కే కొత్తవాడికి ముక్కూ కళ్లూ ఏకమవుతాయి. పైగా ఎండ. నవంబరు, డిసెంబరు నెలలు నయం. పత్తి తీతలు సాగుతుంటాయి. కూలీల ఆటోలు తెల్లవారకుండానే కిక్కిరిసి పరుగెడుతుంటాయి. మంచుకు ఎదురుగా వచ్చేది కనిపించదు. అందుకే ఆరు దాటి, బాగా వెలుగొచ్చాకే కదలాలి. ముందొక పోలీసు బండి, వెనక ఒక వ్యాను. సైకిలు పాడైనవాళ్లను, కాళ్లు పట్టేసినవాళ్లను ఎక్కించుకోవడానికి. పేరేచర్ల దగ్గర సత్తెనపల్లి రోడ్డు విడిపోయేచోట నలుగురు వాలంటీర్లు తప్పనిసరి. లేకపోతే పదిమంది సత్తెనపల్లి పోతారు!

గేర్ల సైకిలు ఉండాలనేం లేదు. వెనక క్యారియరూ, పక్క స్టాండూ ఉన్న పాత హెర్క్యులస్ మీద ఈ నేల మీద జనం జీవితాలే నడిపారు. పాలక్యాన్లు మోశారు, పచ్చిమిరప బస్తాలు మోశారు, పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని సినిమాకు తీసుకెళ్లారు. గంటకింతని అద్దె సైకిళ్ల మీద పడీ లేచీ నేర్చుకున్న తరం ఇంకా ఉంది. వాళ్లకు సైకిలు వ్యాయామం కాదు, గతిలేక తొక్కింది. స్కూటరు కొన్నరోజున సంతోషంగా వదిలేసింది. వాళ్లను మళ్లీ ఎక్కించడం అంత తేలిక కాదు. 'ఇప్పుడు సరదాగా తొక్కమంటున్నారా?' అని నవ్వుతారు. కానీ ఎక్కారంటే, ఎవరినైనా అడిగి తెచ్చేది వాళ్లే. కాలేజీ కుర్రాడు అడిగితే ఇరవై రూపాయలిచ్చే కొట్టాయన, అరవై ఏళ్ల రిటైర్డు మేష్టారు 'ఒరే, నలభై కిలోమీటర్లు తొక్కుతున్నాను, కిలోమీటరుకు ఎంతిస్తావు?' అంటే ఇరవైతో పంపగలడా?

ఆ 'కిలోమీటరుకు ఎంత' అన్నదే మంచి పద్ధతి. కిలోమీటరుకు అయిదు రూపాయలు పెద్ద మాటేం కాదు. నలభై కిలోమీటర్లకు రెండు వందలు. ఒక్కొక్కరు పదిమందిని అడిగితే రెండు వేలు. మూడొందల మంది తొక్కితే ఆరు లక్షలు. వీళ్లలో ఒక్కరూ ధనవంతులు కానక్కర్లేదు. అదే ఆరు లక్షలు ఒక పెద్దాయన్ని అడిగితే, ఆయనిస్తే, ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మే ఉంటుంది. మూడువేల మంది ఇస్తే ఎవరి బొమ్మ వేస్తారు?

ఎవరికివ్వాలో కూడా ముందే, స్పష్టంగా అనుకోవాలి. 'పేదల సహాయార్థం' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. గుంటూరు పెద్దాసుపత్రికి పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి రోగులు వస్తారు. వైద్యం ప్రభుత్వ పథకంలో జరిగిపోతుంది. పక్కన ఉండే మనిషి తిండికి, బస్సు చార్జీకి, పోయిన కూలికి ఏ పథకమూ లేదు. వరండాలో కండువా పరుచుకుని పడుకునేవాళ్లను ఆ ఊళ్లో చూడనివాళ్లుండరు. క్యాన్సర్ చికిత్సకు విడతలు విడతలుగా రావాల్సినవాళ్లు, చార్జీలకు లేక మధ్యలో మానేస్తే ఉచిత వైద్యం ఉండీ లాభం లేదు. ఇన్ని టికెట్లు, ఇన్ని భోజనాలు అని చెప్పి అడిగితే ఇచ్చేవాడికీ ఒక లెక్క తెలుస్తుంది. 'నా రెండొందలకు ఒక మనిషి మాచర్ల నుంచి వచ్చి వెళ్లింది' అనుకుంటాడు.

తొక్కేవాళ్లకు కావలసిన జాగ్రత్తలు పెద్దగా లేవు. సీటు ఎత్తు సరిచూసుకోవాలి. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. చాలామంది సీటు బాగా కిందకు దించి, మోకాళ్లు నొప్పులని తర్వాత డాక్టరు దగ్గరకు పోతారు. ముందు వారం రోజులు రోజుకు పది కిలోమీటర్లన్నా తొక్కి ఉండాలి. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. హెల్మెట్ ఉండాలి. ముగ్గురు నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ రోడ్డంతా ఆక్రమించకూడదు. షుగరు ఉన్నవాళ్లు జేబులో నాలుగు చాక్లెట్లు వేసుకోవాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా రాకూడదు. వాళ్లు తొక్కక్కర్లేదు, రసీదు పుస్తకం పట్టుకుంటే చాలు.

ఇక జెండా. అది ఊపించాలనుకుంటే యార్డులో టిక్కీలు మోసే హమాలీ చేతో, పాలిటెక్నిక్ వాచ్‌మన్ చేతో ఊపించొచ్చు. ఆరింటికి రమ్మంటే ఆరింటికి వస్తారు. తిరిగొచ్చాక వారం లోపల, వచ్చిందెంత, ఎవరికి వెళ్లింది, బస్సు టికెట్లు ఎన్ని, భోజనాలు ఎన్ని అని ఒక కాగితం స్కూలు గేటుకు అంటించాలి. ఇచ్చిన ప్రతివాడి పేరూ అందులో ఉండాలి, పది రూపాయలు ఇచ్చినవాడిది కూడా. మైకులో పేరు చదివినందుకు ఇంకో రూపాయి గుచ్చిన కాలం పోలేదు.

చిన్న ఇబ్బంది ఒకటుంది. ఆదివారం తెల్లవారుజామున ఆ దారిలో పంక్చర్ షాపులు తెరవరు. మూడొందల సైకిళ్లలో కనీసం పదింటికన్నా గాలి పోతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రమే ఒక మెకానిక్కును మాట్లాడుకుని, పంపు, సొల్యూషన్, ట్యూబులతో సహా వెనక వ్యానులో ఎక్కించుకోవాలి. ఆయన కూలి మాత్రం చందా సంచిలోంచి ఇవ్వకూడదు.